క్లోమంలో రాజుకున్న నిప్పు

1788లో థామస్ కాలీ అనే ఆంగ్ల వైద్యుడు ఒక శవపరీక్ష వివరాలు ప్రచురించాడు. చనిపోయిన మనిషికి మధుమేహం ఉంది, క్లోమంలో రాళ్లున్నాయి. ఆ రెంటికీ ఉన్న ముడి తేలడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

1869లో బెర్లిన్ విద్యార్థి పాల్ లాంగర్‌హాన్స్ క్లోమంలో విడివిడిగా ఉన్న కణాల గుంపులను చూశాడు. అవేం చేస్తాయో ఆయనకు తెలియదు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, మేరింగ్ ఓ కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది.

అసలు మలుపు మాత్రం 1901లో అమెరికా వైద్యుడు యూజీన్ ఓపీ దగ్గర ఉంది. క్లోమం వాచినవాళ్లందరికీ షుగరు ఎందుకు రాదన్నది చిక్కుప్రశ్న. వాపు క్లోమపు తమ్మెల మధ్యే ఆగితే లాంగర్‌హాన్స్ చూసిన ఆ కణాల గుంపులు, అంటే లాంగర్‌హాన్స్ పుటికలు, బతికిపోతున్నాయని, జీర్ణరసం ఊరే కణాల మధ్యకు చొరబడితే అవీ దెబ్బతింటున్నాయని ఆయన గమనించాడు. అదే ఏడాది మాంచెస్టర్ వైద్యుడు విలియమ్సన్, వాపు తగ్గించే శాలిసిలేట్ మందుతో కొందరు మధుమేహుల మూత్రంలో చక్కెర తగ్గిందని రాశాడు. ఈ రెండు సంగతులనూ ఒకచోట పెట్టి చూసినవాళ్లు అప్పట్లో లేనట్టే.

1920లో మోసెస్ బారన్ రాసిన వ్యాసంలోనూ ఒక రాయే ఉంది. క్లోమనాళానికి అది అడ్డుపడి జీర్ణకణాలు కుంచించుకుపోయినా పుటికలు నిలిచాయి. అక్టోబరు 30 రాత్రి ఆ వ్యాసం చదివిన కెనడా వైద్యుడు బాంటింగ్‌కు నిద్రపట్టలేదు; పుటికల రసాన్ని వేరుచేయాలన్న ఆలోచన అప్పుడే పుట్టింది. 1922 జనవరిలో మొదటి రోగికి ఇన్సులిన్ అందింది. మందు దొరికాక వాపు గొడవ వెనకబడింది.

దాన్ని మళ్లీ ముందుకు తెచ్చినవాళ్లలో కేరళ వైద్యుడు గీవర్గీస్ ఒకరు. చిన్నప్పుడే కడుపునొప్పి, ఆపైన క్లోమంలో రాళ్లు, యవ్వనంలో షుగరు: ఇలాంటి బక్కపలచని రోగులను ఆయన వందల్లో చూశాడు. నేరం కర్రపెండలం మీద మోపారు. అది తినని చోట్లా జబ్బు కనబడేసరికి ఆ వాదన పలచబడింది. 1996 తర్వాత చూపు జన్యువుల మీదికి మళ్లింది. ట్రిప్సిన్ అనే జీర్ణరసానికి కళ్లెం వేసే స్పింక్1 జన్యువులో మార్పు చాలామంది భారతీయ రోగుల్లో ఉందని హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు చూపారు.

హైదరాబాద్‌లోనే మరో బృందం క్లోమం వాచిన రోగుల పుటికల్లోకి చొరబడిన టీ కణాలనే రోగనిరోధక కణాలను పరిశీలించింది. అవి వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా వల్ల, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణం కేంద్రకంలో ఉండి ఆ పనిని నడిపించాల్సిన పీడీఎక్స్1 అనే ప్రొటీన్ బయటికి జారిపోతోంది. అంటే కణం చావకముందే పని మానేస్తోంది. ఓపీ సూక్ష్మదర్శినిలో చూసిన చొరబాటుకు ఇది శతాబ్దం తర్వాత దొరికిన వివరణ అనుకోవచ్చు. టైప్ 2 మధుమేహంలో ఇన్సులిన్‌ను ఒళ్లు లెక్కచేయకపోవడం ముందుంటుంది కానీ, అక్కడా వాపు పాత్ర ఉంది. వాపును రగిలించే ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే అనకిన్రా మందుతో టైప్ 2 రోగుల్లో చక్కెర కొంత తగ్గిందని 2007లో తేలింది.

క్లోమం చెడి వచ్చే షుగరును టైప్ 3సీ అంటారు. ఇందులో చక్కెరను పెంచే గ్లూకగాన్ కూడా తగ్గుతుంది గనుక, ఇన్సులిన్ వేసుకున్నాక చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఎక్కువ. చీటీ మీద మాత్రం తరచూ టైప్ 2 అనే ఉంటుంది. షుగరుతో పాటు వెన్నులోకి పాకే కడుపునొప్పి, జిడ్డు విరేచనాలు, బరువు తగ్గడం ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి.