మరోదాలో ఎనభైల దశకం: చెవికి దక్కిన తెలుగు

గడచిన కాలాన్ని తలచుకొని మురిసిపోవటం మనిషికి సహజం. చరిత్ర విద్యార్థికి ఆ మురిపెం కూడా ఒక ఆధారమే. ఒక తరం దేనిని పదిలపరచుకొన్నది, దేనిని జారవిడుచుకొన్నది అనేవి శాసనాలను, దస్తావేజులను అడిగే ప్రశ్నలంత గంభీరమైన ప్రశ్నలు. నేడు నలభై, యాభై ఏళ్ల వయస్సులో ఉన్నవారు ఒకచోట చేరితే సంభాషణ ఎనభైల దశకం మీదికి మళ్లుతుంది. 1983 నాటి ప్రపంచ కప్పు, ఆదివారం ఉదయపు రామాయణం, టేప్ రికార్డరు, అద్దెకు తెచ్చిన వీసీఆర్. ఈ జాబితా దేశమంతటా దాదాపు ఒక్కటే. భిలాయి ఉక్కు నగరంలోని మరోదాలో పెరిగిన తెలుగు పిల్లలు చెప్పే జాబితా కూడా ఇదే. అయితే మరోదాలో దానికి మరొక పార్శ్వం ఉన్నది. మేము ముచ్చటగా తలచుకొనే ఆ వస్తువులే మా ఇండ్లలో భాష స్థితిని మార్చివేసినవి. ఆ పిల్లలలో ఒకడినైన నేను, వచ్చినదెంత, పోయినదెంత అన్న లెక్కను ఇక్కడ కొంత పరిశీలించదలచాను.

పట్టాల వెంట వచ్చిన భాష

భిలాయి కర్మాగారానికి సంబంధించిన ఒప్పందంపై భారత, సోవియట్ ప్రభుత్వాలు 1955 ఫిబ్రవరి 2న సంతకాలు చేసినవి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఏటా పది లక్షల టన్నులతో మొదలైన సామర్థ్యం 1967లో 25 లక్షల టన్నులకు, 1988లో 40 లక్షల టన్నులకు పెరిగినది. ఆనాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో, వరి పొలాల నడుమ, దేశంలోని అనేక భాషలవారికి పని దొరికినది.

తెలుగువారి రాకకు ఒక భౌగోళిక కారణం కూడా ఉన్నది. రాయపూర్ నుంచి టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం చేరే రైలు మార్గం బ్రిటిష్ పాలనలోనే పూర్తయినది. మధ్య పరగణాల సరుకును 1933లో ప్రారంభమైన విశాఖ రేవుకు చేర్చటం దాని ప్రయోజనం. సరుకు సముద్రం వైపు సాగటానికి వేసిన ఆ దారిన, భిలాయి వెలసిన తరువాత, ఉత్తరాంధ్ర మనుషులు ఎదురు దిశలో ప్రయాణించారు. మా నాన్నగారు ఆ దారినే వచ్చారు.

మరోదా నిజానికి ఒక పల్లె పేరు. దల్లీ రాజ్‌హరా గనుల నుంచి ఇనుప ఖనిజం తెచ్చే రైలు మార్గం మీద ఆ పేరుతో ఒక స్టేషను ఉన్నది. కర్మాగారానికి కావలసిన నీటిని నిలవచేసే జలాశయానిదీ అదే పేరు. భారత సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో ఏర్పడిన మైత్రీబాగ్ అక్కడిదే. అందులోని జంతువులను చూడటానికి వేసవిలో ఊరి నుంచి చుట్టాలు వచ్చేవారు. సెలవు దినాన వారిని వెంటబెట్టుకొని పోవటం మా పిల్లల బాధ్యత.

హిందీ వేషంలో వచ్చిన తెలుగు

1982 ఆగస్టు 15న దూరదర్శన్ జాతీయ కార్యక్రమం మొదలైనది. అదే సంవత్సరం నవంబరులో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలతో రంగుల టీవీకి ఆదరణ పెరిగినది. 1984 జూలైలో ప్రారంభమైన ‘హమ్ లోగ్’ ధారావాహిక 1985 డిసెంబరు వరకు సాగినది. 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 వరకు రామానంద్ సాగర్ ‘రామాయణ్’, ఆ అక్టోబరు 2 నుంచి బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ ప్రసారమైనవి.

మా క్వార్టర్ల వరుసలో టీవీ ఉన్న ఇంటి ముందు గదిలో ఆదివారం ఉదయం ఒడియా, మలయాళీ, పంజాబీ, తెలుగు కుటుంబాలు చాప మీద సర్దుకొని కూర్చొనేవి. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవారు నిద్ర మానుకొని వచ్చేవారు. మా అమ్మకు అప్పటికి హిందీ అంతంతమాత్రం. ఎన్.టి. రామారావు పౌరాణిక చిత్రాలు చూసి పెరిగిన ఆమెకు కథ కంఠతా వచ్చు గనుక భాష అడ్డం కాలేదు. తెలిసిన కథ ద్వారా తెలియని మాటలను పట్టుకొన్నది. అంగడిలో నేర్చిన హిందీ బేరానికి సరిపోయేది. రామాయణం నేర్పిన హిందీ ఇరుగుపొరుగుతో కష్టసుఖాలు పంచుకోవటానికి అక్కరకు వచ్చినది. ఆమె పొందిన ఈ లాభాన్ని తక్కువ చేయరాదు.

సినిమాహాలులోనూ ఇదే తీరు. తెలుగు ‘మరో చరిత్ర’ (1978) హిందీలో ‘ఏక్ దూజే కే లియే’ (1981) అయి వచ్చినది. దర్శకుడు ఒక్కరే, కె. బాలచందర్, హిందీ చిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాద్. విశాఖ తీరాన సాగిన కథ గోవాకు మారినా, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతు మారలేదు. ఆ గొంతుకు ఆ సంవత్సరపు జాతీయ పురస్కారం లభించినది. ‘ఊరికి మొనగాడు’ (1981) ‘హిమ్మత్‌వాలా’ (1983) అయినది; ‘దేవత’ (1982) ‘తోఫా’ (1984) అయినది. రెండు భాషలలోనూ దర్శకుడు కె. రాఘవేంద్రరావు. కె. విశ్వనాథ్ ‘శంకరాభరణం’ (1980) ‘సుర్ సంగమ్’ (1985)గా హిందీలోకి వెళ్లినది. బయటివారు హిందీ చిత్రాలనుకొన్న వాటిని మా పెద్దలు మావారి చిత్రాలని గర్వంగా చూసేవారు. పిల్లలమైన మాకు మాత్రం అవి హిందీ చిత్రాలే. తెలుగు మూలాలు ఉన్నవని పెద్దయిన తరువాత తెలుసుకొన్నవారు మాలో అనేకులు.

ఈ మార్పు తెలుగుకు మాత్రమే పరిమితం కాలేదు. భిలాయికి చేరువలోని గనియారి గ్రామంలో పుట్టిన తీజన్‌బాయి ఛత్తీస్‌గఢీ భాషలో పాండవుల కథను ఒంటిచేత్తో తంబూరా పట్టి ఆడి పాడే పండవానీ కళాకారిణి. భిలాయి కర్మాగారంలో ఉద్యోగం కూడా చేశారు. ఆమెకు 2019లో పద్మవిభూషణ్ లభించినది. ఎనభైలలో మేము మహాభారతం కోసం టీవీ ముందు కూర్చున్నామే గాని, ఆ నేల మీది మహాభారతం మా పొరుగునే ఉన్నదని గమనించలేదు. క్వార్టర్ల గోడకు అవతల ఉన్న భాష మాకు వినిపించలేదు. మా జ్ఞాపకాల జాబితాలో ఆ భాష లేకపోవటం కూడా చరిత్రే.

రెండు లిపుల చందమామ

1947 జూలైలో తెలుగు, తమిళ భాషలలో ప్రారంభమైన ‘చందమామ’ తరువాత హిందీతో సహా పలు భాషలలో వెలువడినది. మా ఇంటికి కొంతకాలం రెండు ప్రతులు వచ్చినవి: అమ్మకు తెలుగుది, పిల్లలకు హిందీది. శవాన్ని భుజాన వేసుకొని నడిచే విక్రమార్కుని బొమ్మ, శంకర్ గీసినది, రెండింటిలోనూ ఒకటే. ఆ బొమ్మ కింది అక్షరాలే వేరు. అమ్మ ఒక్కొక్క అక్షరం చూపించి నాకు తెలుగు చదవటం నేర్పినది. నా తమ్ముని నాటికి ఇంట్లో టీవీ వచ్చినది. సాయంకాలపు ఆ గంట దానికి పోయినది. తమ్మునికి తెలుగు అక్షరాలు పట్టుబడలేదు.

ఒక విచిత్రం చెప్పుకోవాలి. సోవియట్ సహకారంతో వెలసిన ఈ నగరంలో నా చేతికి అందిన అందమైన తెలుగు పిల్లల పుస్తకాలు మాస్కోలో అచ్చయినవి. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల ఆ పుస్తకాలను నాన్నగారు సెలవులలో విశాఖ నుంచి తెచ్చేవారు. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోవియట్ వ్యోమనౌకలో అంతరిక్షానికి వెళ్లిన వార్త విన్నప్పుడు, అది మా ఊరి వార్తగానే సంబరపడ్డాము. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ అంతరించినది. ఆ పుస్తకాలు రావటమూ ఆగిపోయినది.

తిరిగి వెళ్లే దారి కూడా ఆ దశకంలో తెరుచుకొన్నది. 1982 ఫిబ్రవరిలో విశాఖ ఉక్కు కర్మాగారం కోసం రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడినది. అనుభవజ్ఞులకు అక్కడ అవకాశం ఉన్నదని మా ఇంట్లో చాలా రాత్రులు చర్చ జరిగినది. మామ్మ ఒంటరిగా ఉన్నది, ఊరు దగ్గరవుతుంది. అయినా నాన్నగారు వెళ్లలేదు. పిల్లల చదువు హిందీలో సగం దాటినది, మధ్యలో మారిస్తే రెండింటికీ చెడతారని ఆయన భయం. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు విశాఖ కర్మాగారాన్ని జాతికి అంకితం చేసిన వార్తను ఆయన మరోదాలోనే, హిందీ వార్తలలో విన్నారు.

చెవికి దక్కినది, కంటికి దక్కనిది

ఎనభైల సాంకేతిక వస్తువులన్నీ తెలుగుకు ప్రతికూలమని చెప్పటం సరికాదు. క్యాసెట్టు అందుకు భిన్నమైన సాక్ష్యం. హైదరాబాద్ దూరదర్శన్ 1977 నుంచి ప్రసారాలు సాగిస్తున్నా అవి మా ఏంటెన్నాకు అందేవి కావు. ఆదివారం మధ్యాహ్నపు ప్రాంతీయ చిత్రాలలో తెలుగు వంతు ఎప్పుడో గాని వచ్చేది కాదు. ఆ లోటును క్యాసెట్లు పూరించినవి. నాలుగిళ్లవారు చందా వేసుకొని వీసీఆర్ అద్దెకు తెచ్చి, తెల్లవారేవరకు మూడు తెలుగు సినిమాలు వేసేవారు. పాటల క్యాసెట్లు అరిగిపోయేవరకు తిరిగేవి. అందువల్ల మా తరానికి తెలుగు చెవిలో నిలిచినది. చదవటం, రాయటం మాత్రం ఆ క్యాసెట్లు నేర్పగలిగినవి కావు. 1995లో ఉపగ్రహం ద్వారా జెమిని, ఈటీవీ ప్రసారాలు మొదలై తెలుగు మరోదా ఇండ్లలోకి నేరుగా వచ్చేనాటికి ఆ పిల్లలు పెద్దవారైపోయారు.

అమ్మ పోయిన తరువాత ఆమె ట్రంకుపెట్టెలో ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట దొరికినది. మామ్మ చెప్పగా ఊరిలో ఎవరో రాసిపెట్టినవి. తమ్ముడు ఒక ఉత్తరాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. వాడి తెలుగులో మామ్మ యాస ఇప్పటికీ చెక్కుచెదరలేదు. “అన్నయ్యా, ఏటి రాయించింది మామ్మ? చదివి సెప్పు” అన్నాడు. చదివాను. వానలు పడలేదనీ, ఆవు ఈనిందనీ, చిన్నోడికి జ్వరం తగ్గిందా అనీ ఉన్నది. ఆ చిన్నోడు వాడే. తన క్షేమం అడిగిన ఉత్తరాన్ని తాను చదువుకోలేకపోయాడు.

ఎనభైల దశకం మీద మా ప్రేమ అబద్ధం కాదు. అది ఒక గదిలో పది భాషలవారిని కూర్చోబెట్టిన కాలం. ఒకే సైరనుకు లేచి, ఒకే కథకు కన్నీరు పెట్టిన కాలం. ఆ ఐక్యతకు చెల్లించిన మూల్యాన్ని కూడా రాసిపెట్టినప్పుడే ఆ జ్ఞాపకం చరిత్ర కాగలదు. అందుకు ఆధారాలు ఇంకా ఇండ్లలోనే ఉన్నవి: ఉత్తరాల కట్టలు, ఇంట్లో రికార్డు చేసిన గొంతుల క్యాసెట్లు, పాత పత్రికలు. అయస్కాంతపు టేపు ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. ఇన్‌లాండ్ కాగితం మడతల దగ్గర చిరుగుతుంది. భిలాయి వంటి ఉక్కు నగరాలలోని తెలుగు సంఘాలు, గ్రంథాలయాలు, పురాలేఖన సంస్థలు కలిసి వీటిని సేకరించి, ప్రతులు తీసి భద్రపరచటం అవసరం. చదవగలిగినవారు ఉండగానే ఆ పని జరగాలి. మా ఇంటి కట్టలో ఇంకా విప్పని ఉత్తరాలు ఉన్నవి. ప్రతి ఆదివారం తమ్మునికి ఒకటి చదివి వినిపిస్తున్నాను. వాడు పక్కన కూర్చొని దాని నకలు హిందీ లిపిలో రాసుకొంటున్నాడు.