మొయ్యడానికి నలుగురు, ప్రార్థనకి పదిమంది

పోయినప్పుడు మొయ్యడానికి నలుగురన్నా ఉండాలంటారు మనవైపు. యూదుల లెక్క పది. పదమూడేళ్ళు నిండిన మగవాళ్ళు పదిమంది చేరితేగానీ సామూహిక ప్రార్థన పూర్తిగా జరగదు. దీన్ని మిన్యాన్ అంటారు. పది నిండకపోతే పోయినవాళ్ళకోసం చెప్పే కద్దిష్ కూడా చెప్పకూడదు. (అమెరికాలో కన్సర్వేటివ్ శాఖవాళ్ళు ఆడవాళ్ళనీ లెక్కలోకి తీసుకోవచ్చని 1973లో ఒప్పుకున్నారు. మంచిపని చేశారు.)

మరి కుర్రాళ్ళంతా వెళ్ళిపోయి ముసలివాళ్ళే మిగిలితే?

మన పూండిలో రైలెక్కి హౌరాలో దిగితే తెలుస్తుంది. 1798లో షాలోమ్ కోహెన్ అనే వర్తకుడు అలెప్పో నుంచి కలకత్తా వచ్చాడు. అక్కడి యూదుల కథ ఆయనతోనే మొదలు. 1942లో జపాన్ రంగూన్‌ని పట్టుకున్నప్పుడు మన జిల్లావాళ్ళు బర్మా వదిలి పారిపోయి వచ్చారు కదా, ఆ గొడవలోనే బర్మా యూదులూ చాలామంది కలకత్తా చేరారు. అప్పట్లో వేలల్లో ఉండేవారు. తర్వాత ఇజ్రాయెల్, ఇంగ్లండ్ అంటూ తలోదారి పట్టారు. ఇప్పుడు ఏ ఇరవైమందో, అందులోనూ ఎక్కువమంది పెద్దవాళ్ళు. 1884లో కట్టిన మాగెన్ డేవిడ్ సినగాగ్‌ని తుడిచి, దుమ్ము దులిపి చూసుకుంటున్నది ఒడిశా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలవాళ్ళు. జీతానికే అనుకోండి, అయినా తరాలుగా చేస్తున్నారు. కానీ ఆ పదిమంది లెక్కలోకి మాత్రం రారు!

కొచ్చిలో ఇంకో సంగతి. అక్కడి పరదేశి సినగాగ్ 1568 నాటిది. 1950ల్లో చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయాక, పండగలకి పది నిండాలంటే ఊరు చూడటానికొచ్చిన విదేశీ యూదులే దిక్కయ్యారు. ఆ వీధిలో సారా కోహెన్ అనే పెద్దావిడ ఎంబ్రాయిడరీ కొట్టు నడిపేవారు. భర్త పోయాక ఆమెనీ కొట్టునీ చూసుకున్నది తాహా ఇబ్రహీం అనే ముస్లిం. చిన్నప్పుడు ఆ వీధిలోనే సరుకులమ్ముకున్న కుర్రాడు. 2019లో, 96 ఏళ్ళ వయసులో ఆమె పోయేదాకా కొడుకులాగే ఉన్నాడు.

అమెరికాలో ఉన్నవాళ్ళు చూసే ఉంటారు, వృద్ధుల నివాసాల్లో రోష్ హషానాకి వాలంటీర్లు వస్తారు. ఒకడు చక్రాల కుర్చీ తోస్తాడు, ఇంకొకడు పుస్తకంలో పేజీ తీసిపెడతాడు, మరొకడు పొట్టేలు కొమ్ము ఊదుతాడు. పెద్ద విద్యలేం కావు. కాకపోతే మనిషి అక్కడుండాలి, అది వైర్ ట్రాన్స్‌ఫర్‌లో వెళ్ళదు.

ఇక్కడ ఉద్దానంలో పలాస, మందస వైపు చాలా ఇళ్ళల్లో ఇద్దరేసి ముసలివాళ్ళే. పిల్లలు హైదరాబాదో, బెంగుళూరో, డాలసో. అమ్మవారి సంబరానికి చందా టంచనుగా వస్తుంది. మోకాళ్ళనొప్పులతో ఉన్న ముసలమ్మని గుడిదాకా నడిపించి, మళ్ళీ ఇంటికి దిగబెట్టే పని మాత్రం పక్కింటి కుర్రాడిది. వాడికింకా ఏ ఊళ్ళోనూ ఉద్యోగం రాలేదు కాబట్టి.