ఒంగోలు గిత్త కడుపు కిస్సా

బక్రీద్ రోజు కుర్బానీ అయ్యాక మా నానా ఓఝ్రీ కడగడానికి కూర్చునేవారు. ఆ పని ఇంకెవరికీ అప్పగించేవారు కాదు. పొట్టేలు పొట్ట కోసి, తిరగేసి, ఒక్కో అర నా ముందు పెట్టేవారు. "ఇది తౌలియా, ఇది ఛత్తా, ఇది కితాబ్." తువ్వాలులా నూగుగా ఉన్న పెద్ద సంచి మొదటిది. తేనెతుట్టెలా గళ్ళున్నది రెండోది. పొరలు పొరలుగా పుస్తకంలా ఉన్నది మూడోది. నాలుగోదానికి ఆయన దగ్గర నామ్ లేదు. "అసలీ పేట్ యహీచ్ హై" అనేవారు, అంతే.

ఆయన ఏ మదర్సాలోనూ సైన్సు చదవలేదు. కానీ ఆ మాట నూటికి నూరుపాళ్ళు సహీ. మన కడుపులాగా పులుపు రసంతో మేతను అరిగించేది ఆ నాలుగో అరే. ముందున్న మూడూ దాని కోసం మెహనత్ చేసేవి.

గడ్డిలో ఉండే గట్టి పీచును ఆవు గానీ, గేదె గానీ, గొర్రె గానీ తన సొంత రసాలతో అరిగించుకోలేదు. ఆ పని సూక్ష్మజీవులకు కౌలుకిచ్చింది. పెద్ద ఆవు మొదటి సంచిలో వంద లీటర్లకు పైనే పడుతుంది. అందులో చొప్ప నానుతుంది, పులుస్తుంది. పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలు సంచి గోడ గుండానే ఖూన్‌లోకి ఇంకిపోతాయి. పశువుకు కావలసిన తాకత్‌లో సగానికి పైగా అక్కడి నుంచే వస్తుంది. గాలి త్రేన్పై బయటికి పోతుంది. కితాబ్ పొరలు నీళ్ళు పీల్చుకుంటాయి. నాలుగో అరకు చేరేసరికి మేతతోపాటు ఆ సూక్ష్మజీవులు కూడా అరిగిపోయి పశువుకు మాంసకృత్తులవుతాయి. ఇంకో అజీబ్ సంగతి ఉంది. కాలేయంలో తయారైన యూరియా అంతా మూత్రంలో పోదు. కొంత లాలాజలంతో కలిసి మళ్ళీ మొదటి సంచికి వస్తుంది, సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. పేదమేత తినే పశువు పారేయాల్సిన దాన్ని కూడా వాడుకుంటుందన్నమాట.

సూరా నహ్ల్‌లో పశువు కడుపులోని పేడనూ, నెత్తురునూ, పాలనూ ఒకేచోట తలచే ఆయత్ ఉంది. మౌల్వీసాబ్ అది వివరించినప్పుడల్లా నాకు నానా చేతులే కళ్ళముందు కనబడేవి.

నేను బడిలో చదివింది ఉర్దూ, డిగ్రీలో తెలుగు. ఉర్దూలో ఈ పనిని జుగాలీ అంటాం, తెలుగులో నెమరు.  నెమరు మనిషి కూడా వేస్తాడు, గుజరా జమానాను తలుచుకుంటూ. 

ఇప్పుడు తారీఖ్‌లోకి వద్దాం. 1832-33 నాటి గుంటూరు కరువులో జిల్లాలో ఉన్న సుమారు ఐదు లక్షల మందిలో లక్షన్నరకు పైగా పోయారు. పశువులూ మందలు మందలుగా చచ్చాయి. ఎద్దు పోయినవాడికి వాన పడ్డాక కూడా అరక కట్టే దారి లేదు. తర్వాత 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట వచ్చింది. డెల్టాకు నీళ్ళొచ్చాయి. నరసరావుపేట, పల్నాడు, ఒంగోలు వైపు మెట్ట మాత్రం వానదేవుడి దయ మీదే ఉండిపోయింది. గుండ్లకమ్మ చుట్టుపక్కల ఆ నల్లరేగడి మీద రైతు జొన్న వేశాడు. గింజ తనకు, చొప్ప ఎద్దుకు. పచ్చిమేతకు పిల్లిపెసర చల్లుకున్నాడు. ఒంగోలు గిత్త ఆ చొప్పవాముల దగ్గర పెరిగిన జాన్వర్.

పత్తి కూడా ఆ రోజుల్లో గిత్తకు దుష్మన్ కాదు. దూది మన దూదేకుల, నూర్‌బాషా వాళ్ళ ధునకీ కిందికి వెళ్ళేది. దాని నుంచి విడిపోయిన గింజ, అంటే బినౌలా, నానబెట్టి రుబ్బితే గిత్తకు దావత్. ఒక్క పంట, రెండు ఇళ్ళకు రిజ్క్. ఆ గింజలో గాసిపాల్ అనే జహర్ ఉంటుంది. కోడికి ఎక్కువ పెడితే గుడ్డు సొన పచ్చబారుతుంది. పందికి ప్రమాదం, పాలు మరవని దూడకూ ప్రమాదం. పెద్ద పశువు మొదటి సంచిలో మాత్రం అది మాంసకృత్తులకు అతుక్కుని చాలావరకు పనికిరాకుండా పోతుంది. మోతాదు మించనంత వరకే సుమా.

అదే సంచి జొన్న దగ్గర ధోకా ఇస్తుంది. కోసిన జొన్న మోడు నుంచి, బెట్టలో మళ్ళీ లేచిన లేత పిలకల్ని మా వైపు నాము అంటారు. దాంట్లోని పదార్థాన్ని సంచిలోని సూక్ష్మజీవులే గబగబా విడగొట్టి సైనైడ్ చేస్తాయి. మా నానీమా పాలగేదె అలాగే పోయింది. పగ్గం తెంపుకుని చేలో పడింది, ఇంటికి తోలుకొచ్చేలోగా కూలింది. "జల్దీ జబహ్ చేసేద్దాం, పైసలన్నా వస్తాయి" అని మామూ ఛురీ తీశారు. నానా చెయ్యి పట్టుకున్నారు. "జహర్ తిన్న జాన్వర్‌ను ఎవరి దస్తర్‌ఖాన్ మీద పెడతావు?" అన్నారు. ఇంకాసేపటికి అది ముర్దార్ అయింది. ఆ ఏడాది ఇంట్లో చాయ్ నల్లగానే తాగాం.

పేడ సంగతీ చెప్పాలి. మెట్ట రైతు గొర్రెల కాపరికి డబ్బో ధాన్యమో ఇచ్చి, రాత్రిపూట తన చేలో మంద కట్టించుకునేవాడు. పగలు బీడులో మేసింది రాత్రి చేలో పడేది. పెంట తోలే బండి ఖర్చు కూడా లేదు. మిర్చి రైతుకు మందకట్టిన చేను అంటే ఇప్పటికీ ఇష్టమే.

మరి గిత్త ఎందుకు తగ్గింది? ట్రాక్టర్ వల్ల అంటారు. నిజమే, కానీ సగం నిజం. 1920లలో గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు మొదలైంది. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు కాలువలకెక్కాయి. ఆ తర్వాత వరి, పత్తి, మిర్చి. జొన్న చేను కుంచించుకుపోయింది. పొగాకు మోడు ఏ పశువూ ముట్టదు. మిర్చికట్టె, పత్తికట్టె పొయ్యిలోకే పోతాయి. పత్తి ఏరాక గొర్రెలు ఆకు మేసేవి. 1980ల చివర తెల్లదోమ, పురుగు పత్తిని తినేసి, అప్పులపాలైన రైతులు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ప్రాణాలు తీసుకున్న రోజులు గుర్తున్నాయి కదా. అన్నిసార్లు మందు కొట్టిన చేలో మందను తోలడానికి కాపరి జంకాడు. నేల నిండా పంట ఉంది, పశువు కడుపుకు మాత్రం లేదు. ఇప్పుడు గుంటూరు దగ్గర లాం ఫారంలో, బండలాగుడు పందేల కోసం ఉలవలు పెట్టి మేపే షౌకీన్ల దగ్గర గిత్తలు చూస్తాం.

అదే గిత్త సముద్రం దాటిన చోట రాజ్యమేలుతోంది. బ్రెజిల్‌లో దాని పేరు నెలోర్. ఒంగోలుకు నెల్లూరు పేరేమిటంటే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం నుంచి 1960ల దాకా మన పశువులు ఓడల్లో వెళ్ళాయి. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతోనే 'కర్వడి' అనే ఆంబోతు అక్కడ మశ్హూర్ అయింది. ఎండకు తట్టుకుని, మోటుగడ్డిని మాంసంగా మార్చే ఆ కడుపే బ్రెజిల్ వాళ్ళకు కావలసింది. ఇవాళ అక్కడి మాంసపు పశువుల్లో దాదాపు 80 శాతం నెలోర్, లేదా దాని రక్తం కలిసినవే. బ్రెజిల్ హలాల్ మాంసం అరబ్ దేశాలకూ వెళ్తుంది.

మా తమ్ముడు దమ్మామ్‌లో పనిచేస్తాడు. పోయిన రంజాన్‌లో ఫ్రిజ్‌లోని ప్యాకెట్ ఫోటో పంపాడు, బ్రెజిల్ అని రాసి ఉంది. ఇది మన నానా ఊరి గిత్త ఖాన్‌దాన్‌దే కావచ్చురా అని వాడికి ఈ కిస్సా అంతా చెప్పాను. నవ్వాడు. ఓఝ్రీ దొరుకుతుందా అక్కడ అని అడిగాను.

"ఈ ప్యాకెట్లలో అది రాదు భాయ్‌జాన్" అన్నాడు.