తేని సీమ తెలుగు పాళెములు: వ్యవస్థలు మారిన కాలమున నాయకత్వము

మధుర నాయకరాజుల చరిత్రమును వ్రాసినవారు రాజులను గూర్చియు, కోవెలలను గూర్చియు విస్తరించి చెప్పి, ఆ రాజ్యమును నిలిపిన పాళెగాండ్రను గూర్చి కొంచెముగానే ముచ్చటించిరి. పాళెగాని వెంట నడచిన కావలివారిని గూర్చిన ప్రస్తావన ఇంకను తక్కువ. ప్రభుత్వము మారినప్పుడెల్ల మొదట తారుమారైనది వారి బ్రదుకే గనుక, ఆ దృష్టితో ఈ విషయమును పరిశీలింపవలసియున్నది.

నేటి తేని జిల్లా 1996లో మధుర జిల్లానుండి వేరుపడినది. బోడినాయకనూరు, గండమనాయకనూరు, ఎరసక్కనాయకనూరు అను ఊరిపేళ్లే ఇచ్చట తెలుగునాయకులు నెలకొన్న సంగతిని చాటుచున్నవి. వీరిలో రాజకంబళము వారు ముఖ్యులు. తురుష్కుల బాధ పడలేక ఉత్తరమునుండి పరుగెత్తి వచ్చుచుండగా, నదికి అడ్డముగా కానుగచెట్లు వంగి తమకు దారి ఇచ్చినవని వారి ఐతిహ్యము. ఇది చరిత్రము కాకపోవచ్చును; కాని వలసవచ్చిన జనము తన భయమును ఎట్లు జ్ఞప్తియందుంచుకొనునో ఇందువలన తెలియును.

16వ శతాబ్దమున విశ్వనాథ నాయకుడును, ఆతని దళవాయి అరియనాథ మొదలియారును రాజ్యమును 72 పాళెములుగా విభజించిరి. మధురకోటకు 72 బురుజులు. ఒక్కొక్క బురుజు కాపుదల ఒక్కొక్క పాళెగానిది. అంతకుముందు ఎవరికివారు స్వతంత్రులైన దొరలు. వారిని బలముతో అణచుట సులభము కాదు, విడిచిపెట్టుట క్షేమము కాదు. ప్రతివానికి ఒక బురుజును ఒప్పగించుటచే, కోట నాదియే యను అభిమానము ప్రతివానికిని కలిగినది. ఆదాయమున మూడవవంతు రాజునకు, మూడవవంతు సైన్యపోషణకు, తక్కినది పాళెగానికి అని ఏర్పాటు. అరియనాథుడు తమిళుడు, నాయకులలో అనేకులు తెలుగువారు. ఈ జంటపని లేకున్న ఆ వ్యవస్థ నిలిచియుండదని నా యభిప్రాయము.

1736లో రాణి మీనాక్షితో నాయకరాజ్యము అంతరించినది. పిమ్మట దిండుగల్లు సీమ మైసూరువారి వశమైనది. 1755లో హైదరు అచ్చట ఫౌజుదారుగా నుండెను. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో ఆ సీమ ఆంగ్లేయుల కుంఫిణీకి దక్కినది. ఒక తరమువాడు ఎవరికి కప్పము కట్టెనో, వాని కుమారుడు వానికి శత్రువైనవానికి కట్టవలసివచ్చెను. ఇట్టి అనిశ్చితిలో పాళెగాడు తనవారికి ఈయగలిగినది ఒక్కటే: ఎవరు పైనున్నను గ్రామకావలి మీదే, కావలిరుసుము మీదే యను భరోసా.

ఆ భరోసాకే కుంఫిణీ ఎసరుపెట్టినది. దానికి ఎదురునిలిచినవారిలో విరూపాక్షి గోపాల నాయకుడు ప్రముఖుడు. శివగంగ రాణి వేలు నాచ్చియారు ఆపదలోనుండగా ఆశ్రయమిచ్చినది ఈతడే. దిండుగల్లు సీమ పాళెములను కూడగట్టి పోరాడి, 1801లో ఉరికంబమెక్కెను. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీయబడెను. ఆతడును రాజకంబళము వాడే.

1801 డిసెంబరు 1న గవర్నరు ఎడ్వర్డు క్లైవు ప్రకటన వెలువడినది. ఆయుధములు అప్పగింపవలెను, కోటలు పడగొట్టవలెను. లోబడినవారికి శాశ్వత పేష్కషుతో జమీందారీ. బోడినాయకనూరు, గండమనాయకనూరు ఈ దారిని జమీందారీలై 20వ శతాబ్దమువరకు నిలిచినవి. తలవంచినవారిని పిరికివారనుట తేలిక. కాని నాయకుడు ఉరికెక్కిన పాళెములో కావలివారు ఏమి తిని బ్రదికిరో అడిగినవారు లేరు. అట్లని జమీందారీలలోని కావలివారికి మేలు జరిగినదనుటయు పొరపాటు. పోలీసుపని ప్రభుత్వపరమైనది, కావలిరుసుము పోయినది. జమీందారునకు పట్టా మిగిలెను. వీరికి ఈటె సైతము మిగులలేదు. నల్లరేగడి సేద్యమును, పశువుల పెంపకమును వారికి దిక్కైనవి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముతో ఆ జమీందారీలును ముగిసినవి.

ఇన్ని మార్పులలోను మారనిది వారి పంచాయతి. తొమ్మిది కంబళముల ప్రతినిధులు ఒకే కంబళిపై కూర్చుండి తగవు తీర్చుట పూర్వాచారము. కులనామమే దానినుండి వచ్చినదందురు. పాళెగాని అధికారము పైనుండి వచ్చినది గనుక పైవారు మారగానే చెడినది. కంబళిని పరచుటకు ఎవరి పట్టాయు అక్కరలేదు. పెండ్లిండ్లు, తగవులు, పశువుల పంపకములు అన్నియు దానిమీదనే తెలుగున సాగినవి. అక్షరము తమిళమైనను, ఇంటిలో మాట తెలుగుగా నిలుచుటకు ఇది కొంత కారణమని తోచుచున్నది.