తల్లిగారూరి పాట

కందికట్టె ఇంకింత మంటల ఎయ్యి బిడ్డా, చలి ముదురుతున్నది. ఊరి మీద గిన్ని పాటలెట్లొచ్చినయి తాతా అని అడిగినవ్ గదా, చెప్త. కని ఎన్కటి రోజులల్ల ఊరి మీద బెంగ పెట్టుకొని పాడిన మొగోణ్ణి నేను చూడలే. మొగోల్లు పాడిండ్రు, మస్తు పాడిండ్రు. మోట కాడ పాడిండ్రు, నాగలెన్క పాడిండ్రు. ఆ పాటల్ల ఎడ్లుండె, మల్లన్న ఉండె, మరదలుండె, రాని వాన మీద కోపముండె. ఊరు మాత్రం లేకుండె. ఊర్లనే పుట్టి ఊర్లనే సచ్చేటోనికి ఊరెందుకు యాదికొస్తది?

మోట నువ్వు చూడలే. బావి ఒడ్డుకు రెండు కట్టెలు నిలవెట్టి నడుమ గిరక కడ్తుండ్రి. కింద పెద్ద తోలు బొక్కెన, దానికో తొండం. లావు మోకు బొక్కెనకు, సన్న తాడు తొండానికి. ఎడ్లు దిగుడుబాట పట్టి నడుస్తుంటే బొక్కెన పైకొస్తది. ఒడ్డుకొచ్చినంక తొండం మూతి తొట్లెకు ఒరిగి నీళ్లు దుంకుతయి. మోట కొట్టేటాయన మోకు మీద కూసుంటడు, ఆయన బరువు ఎడ్లకు ఆసరా. మళ్ల ఎడ్లను ఎనుకకు నడిపియ్యాలె. కోడి కూయకముందు మొదలువెడితే పొద్దెక్కేదాక గదే పని. ఎడ్లు దిగేటప్పుడు ఒక చరణం, ఎనుకకు నడిచేటప్పుడు ఇంకో చరణం. గొంతు ఆగితే ఎడ్లు గూడ ఆగుతుండె. ఒక బావి కాడ పాట ఎత్తుకుంటే అవుతలి బావి కాడికెళ్లి జవాబొస్తుండె. నేను కండ్లు మూసుకొని పండుకొనే ఏ బావి ఎవలిదో చెప్తుంటి.

మరి బెంగ ఏడుండె అంటవా? ఇసుర్రాయి కాడ ఉండె.

చిన్నప్పుడే లగ్గంజేసి ఆడివిల్లను పంపుతుండ్రి. ఎన్నడు చూడని ఊరు, ఎన్నడు చూడని ఇల్లు, ఎన్నడు మాట్లాడని మొగడు. మన దగ్గర ఊరిడిచి పోయిన మొదటి వలసోల్లు మన ఆడోల్లే బిడ్డా. ఈ సంగతి పుస్తకాలు రాసేటోల్లు ఎందుకు గట్టిగ చెప్పరో నాకు సమజ్ గాదు. తెల్లారగట్ల జొన్నలు ఇసురుకుంట మా అవ్వ తల్లిగారూరి పాట ఎత్తుకుంటుండె. అది వినుకుంటనే నేను పెరిగిన. ఆ పాటల ఏముండె అనుకున్నవ్? తొవ్వ. ముందు వాగొస్తది, వాగు దాటితే చింతల తోపు, తోపు దాటితే పోచమ్మ గుడి, ఆ పక్కపొంటి తన అన్న దున్నే చెల్క. సంవత్సరానికి ఒక్కపారి పోయే తొవ్వ అది, అదిగూడ అత్త పంపితేనే. మరిచిపోతనేమోనని పొద్దుగాల్నే ఒక్కపారి ఆ తొవ్వెంట నడిచి వస్తుండె, పాటల.

చెట్టూ చేమా గూడ ఆ పాటల్ల గట్లనే వస్తుండె. తంగేడు పువ్వును అందంగున్నదని పాడలే వాళ్లు. తంగేడు పూసిందంటే బతుకమ్మొచ్చింది, బతుకమ్మొచ్చిందంటే అన్న తోల్కపోను వస్తడు. తంగేడు, గునుగు ఎవలు విత్తకుండనే బీడుల, చెరువు గట్ల మీద మొలుస్తయి. భాద్రపద అమాస నుంచి తొమ్మిదొద్దులు ఆ పూలు పేర్చి, సుట్టు తిరుక్కుంట పాడి, సద్దుల నాడు చెరువుల ఇడుస్తరు. ఆ పాటల్ల సగం అన్న కోసం ఎదురుచూసుడే. అన్న రాకపోతే పాడేటియి గూడ ఉన్నయి, అవి నేను నీకు పాడలేను, గొంతు పట్టుకుంటది.

గీ పాటలు కట్టినోల్ల పేర్లు ఒక్కటి తెల్వది. బిరుదురాజు రామరాజు సారు ఊర్లు తిరిగి జానపద గేయాలు ఏరి, ఉస్మానియాల పరిశోధన చేసి, 1958ల పుస్తకమచ్చేసిండు. ఆయన రాయకుంటే ఇంకెన్ని పోవునో.

మొగోల్లకు ఈ బెంగ ఎప్పుడంటుకున్నదంటే, వాళ్లు ఊరు దాటినంక. ఎంకిపాటలు రాసిన నండూరి సుబ్బారావు గారిది ఏలూరు దిక్కు. మద్రాసుల చదువుకుంట ట్రాంబండిల పోయేటప్పుడు ఆయనకు మొదటి ఎంకిపాట తట్టిందంటరు. పట్నంల బండెక్కినంకనే ఎంకి చేను, నాయుడుబావ కనవడ్డరు సూడు!

మన దిక్కు వలస చదువు కోసం కాదు, కడుపు కోసం. పాలమూరోల్లు దేశమంత తిరిగి కట్టలు కట్టిండ్రు. వాళ్ల ఊర్ల పక్కపొంటి కృష్ణ పారుతనే ఉండె, వాళ్ల చెల్కలు ఎండుతనే ఉండె. ఆ నేల మీద, నాగర్‌కర్నూల్ దిక్కు గౌరారంల పుట్టిండు గోరటి వెంకన్న. 2002ల వచ్చిన కుబుసం సినిమాల ఊరి ఏడుపు మీద ఆయన పాట విన్నవ్ గదా. కుమ్మరి, కమ్మరి, సాలె, ఒక్కొక్కల పని ఎట్ల పోయిందో చెప్పి ఏడిపిస్తడు. ఆయనకు 2021 సాహిత్య అకాడెమీ అవార్డు ‘వల్లంకి తాళం’ పుస్తకానికొచ్చింది.

నాకు ఆయన పాట ఎందుకు మంచిగనిపిస్తదంటే, పచ్చటి పొలం, తెల్లటి కొంగ అని ఊరుకోడు. ఊరంటే పని, పని చేసే చెయ్యి. అట్లనే సుద్దాల హన్మంతు. సాలెల ఇంట్ల పుట్టి, దొరల మీద కొట్లాడిన సంఘంల తిరిగి, గొల్లసుద్దుల బాణీల వెట్టి మీద, దొర మీద పాటలు కట్టిండు. పశులు కాసే పిల్లగాని మీద ఆయన కట్టిన పాట ‘మా భూమి’ సినిమాల సంధ్య పాడింది. ఊరు ఎంత సక్కనిదో పాడేటోల్లు ఆ పిల్లగాని కాళ్లను గూడ చూడాలె. నేను ఊరిని ప్రేమిస్త, ప్రాణం పెట్టి ప్రేమిస్త. కని వెట్టి చేపిచ్చిన గడీ గూడ ఆ ఊర్లనే ఉండె. దాన్ని ఇడిసిపెట్టి పాడితే మా అవ్వ ఇసిరిన జొన్నలకు అన్యాయం చేసినట్టయితది.

తర్వాత కరెంటు మోటర్లొచ్చినయి, మోట బంద్. మంచిగనే అయింది, ఎడ్ల మెడలు, మనుషుల నడుములు బతికినయి. కని బావులిడిసి బోర్లు లోతుకు లోతుకు పోతే నల్లగొండ దిక్కు ఫ్లోరైడు నీళ్లు తాగి పిల్లగాండ్ల ఎముకలు వంగినయి. పిండిగిర్ని వచ్చి ఇసుర్రాయి మూలకువడ్డది. బతుకమ్మ మాత్రం ఆగలే. ఇప్పుడు దుబాయిల ఆడుతున్నరు, అమెరికాల ఆడుతున్నరు. వాళ్లకు తంగేడు దొరకది, దొరికిన పువ్వుతోనే పేరుస్తున్నరు. అన్న కోసం ఎదురుచూసే పాట ఆడ పాడుతుంటే ఎట్లుంటదో నువ్వే అనుకో.

నీ సెల్లుల నిండా పాటలున్నయంటవ్, కని మా అవ్వ పాటలు అండ్ల లేవు గదా. మీ పెద్దమ్మ ఎల్లుండి వస్తది. ఆమెకు మా అవ్వ పాటలు సగమన్నా వస్తయి. ఊకె కూసోబెట్టి పాడుమంటే నాకేం రావు అంటది. అటుక మీది ఇసుర్రాయి దించు, కడిగి ఆరబెట్టు, సోలెడు కందులు ముందట పెట్టి నువ్వు గూడ ఎదురుంగ కూసొని పిడి పట్టు. చెయ్యి తిరిగితే పాట అదే వస్తది. సెల్లు మాత్రం ఆమెకు కనవడకుండ పెట్టు.