కత్తికి బదులు సూది

ఆలమూరు పొలాలలో మురుగుకాలువ పూడితే చేలో నీరు నిలుస్తుంది. మన శరీరములోను అటువంటి కాలువలున్నవి. కణజాలములో ఊరిన ద్రవమును తిరిగి రక్తములో చేర్చే శోషరస నాళములే అవి. గర్భములో అవి సరిగా ఏర్పడకపోతే బిడ్డ మెడమీదనో చంకలోనో నీటితిత్తుల కంతి తేలుతుంది. అది రాచపుండు కాదు. తల్లి గ్రహణము చూచినందువల్ల వచ్చినదీ కాదు.

1843లో జర్మను వైద్యుడు వెర్నర్ ఈ కంతిని వర్ణించి పేరు పెట్టాడు. చాలకాలము కత్తియే శరణ్యమైనది. కాని తిత్తులు నరములను, రక్తనాళములను పెనవేసుకొని ఉంటవి. అంతా తీయబోతే ముఖనరము తెగి మూతి వంకరపోవచ్చును. కొంత వదలితే కంతి మరల పెరుగవచ్చును.

దారి చూపినవి వేరొక పనికై పుట్టిన మందులు. రాచపుండుకై జపానులో ఉమెజావా కనుగొన్న బ్లియోమైసిన్‌ను అక్కడి వైద్యులే పిల్లల తిత్తులలో ఎక్కించి, 1977లో ఫలితములు ప్రకటించారు. 1987లో ఒగీటా బృందము పెనిసిలిన్‌తో అణచిన స్ట్రెప్టోకాకస్ క్రిములను వాడినది. మూడవ మందుకు తెలుగు చుట్టరికమున్నది. భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు అధిపతిగా ఉన్న అమెరికాలోని లెడర్లే సంస్థలో డగ్గర్ ఆరియోమైసిన్ కనుగొన్నాడు; 1948లో అది లోకానికి తెలిసినది. ఆ వంశములోనిదే డాక్సిసైక్లిన్. 1990ల నుండి దానినీ ఈ తిత్తులకు వాడుతున్నారు.

సూదితో తిత్తిలోని నీరు తోడి మందు ఎక్కిస్తే, లోపలి పొర వాచి, గోడలు అంటుకొని, తిత్తి ముడుచుకొంటుంది. పెద్ద తిత్తులకు గుణమెక్కువ, సన్నవాటికి తక్కువ. వాపు ఊపిరికి అడ్డు రావచ్చును గనుక ఈ చికిత్స ఆసుపత్రిలోనే జరగవలెను. ఇటువంటి బిడ్డకు వాతలు పెట్టక, వెంటనే పిల్లల శస్త్రవైద్యునికి చూపవలెను.