నొక్కి తిప్పే బుగ్గ నుంచి సీలింగ్ లైటు దాకా

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పాత ఇళ్లలో స్నానాల చోటుకంటూ వేరే దీపం ఉండేది కాదు. పెరట్లోనో, ఇంటి మూల జాలారి దగ్గరో పొద్దుండగానే స్నానాలు ముగిసేవి. చీకటి పడితే గోడగూట్లో ఆముదం దీపమే దిక్కు. దక్షిణ తెలంగాణ మెట్టపొలాల్లో ఆముదాలు విరివిగా పండేవి కాబట్టి నూనెకు కొరత లేదు. తర్వాత గ్యాసునూనె బుడ్డి, కందీలు వచ్చాయి. కందీలును చేత్తో పట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు; వెలుగు మనిషి వెంట నడిచేది.

కరెంటు ఆ వెలుగును పైకప్పుకు కట్టేసింది. హైదరాబాద్ సంస్థానంలో విద్యుత్ శాఖ 1910లో ఏర్పడింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం 1920లో వెలిసింది. అయితే ఆ కరెంటు ముందు నగరానికే. పల్లెలకు తీగలు విస్తరించింది ఎక్కువగా 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన తర్వాతే.

ఆ రోజుల్లో ఏ బుగ్గ (బల్బు) కొనాలన్న ప్రశ్నే లేదు. బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన 22 మిల్లీమీటర్ల హోల్డరు దేశమంతా ఒక్కటే. రెండు ముళ్లను గాడిలో పెట్టి, నొక్కి తిప్పితే పని అయిపోయేది. హాల్లో 60 వాట్లదో 100 వాట్లదో, స్నానాల గదిలో 'జీరో' బల్బు. పేరుకు జీరో అయినా అది 15 వాట్ల దాకా లాగేది. ఏ కిరాణా కొట్లో కొన్నా, ఏ ఇంట్లో పెట్టినా సరిపోవడమే ఆ హోల్డరు గొప్పతనం.

ఆ పొంతన చెదిరింది ఫాల్స్ సీలింగ్‌తో. అపార్టుమెంట్లలో పై అంతస్తు బాత్రూం పైపులు కింది బాత్రూం కప్పు కింద వేలాడతాయి. వాటిని దాచడానికి పీవీసీ పలకలో, జిప్సం బోర్డో బిగించి, లైటును అందులోనే గుంట చేసి అమర్చారు. ఔటర్ రింగ్ రోడ్డు, ఆదిభట్లలో ఏరోస్పేస్ సెజ్ వచ్చాక ఈ తరహా కట్టడం ఇబ్రహీంపట్నం వైపూ పాకింది.

అప్పటి సీలింగ్ లైట్లలో ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది 12 వోల్టుల హాలోజన్: 5 సెంటీమీటర్ల గిన్నెలాంటి అద్దం, వెనుక రెండు సన్నని పిన్నులు, సీలింగ్ మీద ట్రాన్స్‌ఫార్మర్. 50 వాట్లు తాగి, వేడిలో చాలా భాగాన్ని సీలింగ్ లోపలికే వదిలేది. రెండోది పిన్నుల సీఎఫ్ఎల్. దాని చోక్ బల్బులో కాక ఫిట్టింగ్‌లోనే ఉండేది.

2015లో మొదలైన ఉజాలా పథకం ఎల్ఈడీని సామాన్యుడి ఇంటికి చేర్చింది. 2014లో ప్రభుత్వ కొనుగోలులో 310 రూపాయలున్న బల్బు ధర రెండేళ్లలో 40 రూపాయల లోపుకు దిగింది. ఆ బల్బు పాత హోల్డరులోనే పట్టింది గనుక ఎవరూ వైరింగ్ ముట్టుకోలేదు. సీలింగ్ గుంటలకు మాత్రం ఆ సౌలభ్యం దక్కలేదు.

హాలోజన్ స్థానంలో 5 వాట్ల ఎల్ఈడీ పెడితే అది మినుకుమినుకుమనవచ్చు. 50 వాట్ల భారానికి చేసిన ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్లలో చాలావాటికి అంత చిన్న భారం చాలదు. ఎల్ఈడీకి తగినది వేయాల్సిందే. పిన్నుల సీఎఫ్ఎల్ బదులు ఎల్ఈడీ పెట్టేటప్పుడు, అది చోక్‌తో పనిచేసేదా, చోక్ తీసేసి నేరుగా కరెంటు ఇవ్వాల్సినదా అన్నది ముందే చూడాలి. గాలి ఆడని గుంటలో వేడికి ఎల్ఈడీలోని ఎలక్ట్రానిక్స్ త్వరగా పాడవుతాయి కాబట్టి, మూసిన ఫిట్టింగ్‌కు పనికొస్తుందని రాసి ఉన్నదే మేలు. షవరు దగ్గర తుంపర తట్టుకునే ఐపీ44 రకం అవసరం. విప్పే ముందు మెయిన్ ఆపడం తప్పనిసరి.

ఇప్పటి డౌన్‌లైట్లలో చాలావాటికి అసలు విడి బల్బే లేదు. వెలుగు ఆగితే మొదట డ్రైవర్‌ను, అంటే ఎల్ఈడీకి తగిన కరెంటు అందించే పెట్టెను, పరీక్షిస్తారు. దానిమీద రాసిన మిల్లీఆంపియర్లు, వోల్టుల పరిధి సరిపోయే కొత్త డ్రైవర్ దొరికితే దాన్నొక్కదాన్నే మారుస్తారు. దొరక్కపోతే సీలింగ్ రంధ్రం అడ్డుకొలత చూసి ఫిట్టింగ్ మొత్తం కొత్తది బిగిస్తారు.